ఇంటి సాళ్ల మిడతలు

అక్టోబరు పన్నెండో తేదీ, ఆదివారం నాటి నా డైరీలో ఒక వాక్యం ఉంది: “మిడతలు ఈరోజు చాలా సులువుగా దొరికాయి. పది నిమిషాల్లో పద్నాలుగు.” నీలి సిరా, నా దస్తూరి, కింద స్కేలు పెట్టి గీసిన గీత. ఇరవై ఆరేళ్లుగా ఒక్క రోజు తప్పకుండా డైరీ రాస్తున్న నేను ఇంతకంటే సిగ్గుమాలిన వాక్యం మరొకటి రాసి ఉండను. అందులో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు. నా కోపమంతా అందుకే. నిజం నా కళ్ల ముందు నిలబడితే దాన్ని లెక్కపెట్టి, తేదీ వేసి, కింద గీత గీసి, చదవకుండానే పుస్తకం మూసేశాను.

మండల కార్యాలయంలో నాది గణాంకాల పని. ఉదయం ఎనిమిదిన్నరకు వానకొలత పాత్ర చూసి ఎన్ని మిల్లీమీటర్లో రాయాలి. కోతల కాలంలో రైతుల చేలల్లో ఐదు మీటర్లకు ఐదు మీటర్ల చదరాన్ని తాడుతో కట్టి, అందులో పండినదాన్ని కోయించి, తూకం వేయించి దిగుబడి లెక్కగట్టాలి, దాన్ని పంట కోత ప్రయోగం అంటారు. వాన పడని రోజున కూడా సున్నా అని రాయాలి. రాయకుండా వదిలేస్తే వాన పడలేదని అర్థం కాదు, మనిషి చూడలేదని అర్థం. ఈ నియమాన్ని ఇంట్లో కూడా పాటిస్తాను. మా ఇంటికి వచ్చిన సాలీడు విషయంలో మరీ ఎక్కువగా పాటించాను. పాటిస్తున్నానని గర్వపడ్డాను కూడా.

ఆ సాలీడు మా తమ్ముడి కూతురిది. టరాంటులా అంటారు. కాళ్లు చాపితే అరచేయంత ఉంటుంది, ఒళ్లంతా మాసిన గులాబీ రంగు నూగు. చిలీ దేశపు జాతి. మా మేనకోడలు బెంగళూరులో ఉద్యోగంలో చేరిన ఏడు, వీటికి పిల్లలు పెట్టించి అమ్మేవాళ్ల దగ్గర కొనుక్కుంది. ఆడది కాబట్టి బాగా చూసుకుంటే ఇరవై ఏళ్లు బతుకుతుందట. మా ఇంటికి వచ్చేనాటికి దాని వయసు ఏడు.

ఏప్రిల్ ఇరవై, ఆదివారం ఉదయం, ఆ పిల్ల కడప బస్సు దిగి, చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాను ఒళ్లో పెట్టుకొని మా ఇంటికి ఆటోలో వచ్చింది. కొత్తగా తీసుకున్న గదిలో ఇంటామె ఒప్పుకోలేదట.

“ఒక్క సమ్మచ్చరం పెట్టుకో అత్తా. ఇంకో ఇల్లు సూసుకొని తీసకపోతా. ఇది ఊరికే కరిచేది కాదు. బెదిరితే ఎనక కాళ్లతో పొట్ట మీది నూగు గీకి మన మీదికి ఇసుర్తాది. దురద పుడ్తాది, అంతే.”

“ఎవురు బెదిరితే? అదా, నేనా?”

“ముందు అదే బెదుర్తాది. నువ్వు తర్వాత.”

మా ఆయన డబ్బాలోకి తొంగిచూసి, “ఇంట్లో బూజు దులిపేది నాలుగు నెలలు మానేసింటే ఊరికే వచ్చేది గదమ్మా. బెంగళూరు నుంచి టిక్కెట్టు పెట్టుకొని తేవల్నా?” అన్నాడు.

నేను డైరీ తీసి కూర్చున్నాను. ఏమేం చెయ్యాలో, ఏమేం చెయ్యకూడదో చెప్పమన్నాను. తొమ్మిది నియమాలు చెప్పింది, తొమ్మిదీ రాసుకున్నాను. డబ్బా ఎత్తు ఎక్కువ ఉండకూడదు, గోడ పాకి పడితే పొట్ట పగులుతుంది. కింద పరిచే కొబ్బరి పొట్టు పొడిగా ఉండాలి, నీళ్ల మూకుడు మాత్రం ఎండకూడదు. తినకపోతే కంగారు పడకూడదు, నెలల తరబడి పస్తుండగలదు. వీటిలో నాలుగోది ఇక్కడ అక్షరాలా రాయాలి: “బయట పట్టిన పురుగు పెట్టకూడదు. అది ఏం తిని వచ్చిందో మనకు తెలియదు.” అందుకోసమే ఒక చిన్న తొట్టిలో తౌడు పోసి, తౌడులో పెరిగే పసుపుపచ్చ పురుగులను కూడా తెచ్చిపెట్టింది. అవి పిల్లలు పెడుతూ ఉంటాయి, అది తింటూ ఉంటుంది, మనకు పని లేదు.

వెళ్లేటప్పుడు గేటు దగ్గర ఆగి, “బతికించి ఇయ్యి అత్తా, సాలు” అంది.

“బతికించి ఇస్తాలేమ్మా” అన్నాను. అది కూడా రాసుకున్నాను.

ఆ పిల్ల తండ్రి, అంటే మా తమ్ముడు, ఎర్రగుంట్ల అవతల మా పుట్టినూళ్లో నాలుగున్నర ఎకరాలు చేస్తాడు. అందులో మూడెకరాలు మిరప. కూతురు సాలీడును సాకుతోందని తెలిసిన రోజు నుంచి వాడికి అది అవమానం. ఫోన్లో నాతో అన్నాడు: “పురుగుల్ని సంపలేక నేను సస్తాండా. మీరు సాకుతాండారు. ఒగే కొంపలో ఇద్దరం బతకాలంటే ఎట్లక్కా?”

అప్పుడు నవ్వాను. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే పళ్లు నూరుకుంటాను.

మే నెల గురించి ఎక్కువ రాయను. కడపలో మే అంటే ఏమిటో కడప వాళ్లకు చెప్పక్కర్లేదు. ముందుగదిలో నలభై దాటిన రోజులు పదకొండు. సామాన్ల గదిలో కడప బండలతో కట్టిన అరలున్నాయి. అన్నిటికంటే కింది అర, నేల నుంచి జానెడు ఎత్తు, ఇంట్లో అతి చల్లని చోటు. అక్కడ డబ్బా పెట్టి, ఎదురుగా తడి గోనెపట్టా వేలాడదీసి, ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఉష్ణోగ్రత రాశాను. ఆ నెల మధ్యాహ్నపు సగటు ముప్పై రెండున్నర. ఆఫీసు నుంచి భోజనానికి వచ్చిన రోజుల్లో ముందు గోనెపట్టా తడిపి, తర్వాతే కంచం ముందు కూర్చునేదాన్ని. సాలీడు ఆ ఎండల్లో నీళ్ల మూకుడులో ఒక ముందుకాలు పెట్టి గంటల తరబడి కదలకుండా ఉండేది, వీధి అరుగు మీద కూర్చొని ఎవరి కోసమో చూస్తున్న మనిషిలాగా. దాని ఎనిమిది కాళ్లలో ఎప్పుడూ అదే కాలు. ఎడమ వైపు మొదటిది.

జూన్ ఎనిమిది నుంచి తినడం మానేసింది. ఎనభై రోజులు దాటాయి, నియమం ప్రకారం నేను కంగారు పడలేదు, ప్రతి ఆదివారం సున్నా రాశాను. ఆగస్టు ముప్పై, శనివారం ఉదయం, మా ఆయన సామాన్ల గదిలోంచి కేకవేశాడు.

“ఏమే, నీ పురుగు ఎల్లకిలా పడి ఉండాది. పాయ!”

పరుగెత్తాను. “ముట్టుకోవద్దు! డబ్బా కదిలించొద్దు! సచ్చినదైతే ఎల్లకిలా పడదు. కాళ్లన్నీ కడుపు కిందికి ముడుచుకొని బోర్లా ఉంటాది. ఇది కుబుసం ఇడుస్తాంది.”

“సచ్చేదానికి గూడా రూలేనా దీనికి?”

నాలుగు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. చేతికి వేసుకున్న తొడుగులోంచి వేళ్లు లాగినట్టు, ఒక్కొక్క కాలే పాత తోలులోంచి లాక్కుంది. చివరికి డబ్బాలో రెండు సాలీళ్లున్నాయి. ఒకటి ఖాళీది, కళ్లతో సహా. రెండోది తడితడిగా, కొత్త గులాబీ రంగులో. మా ఆయన స్టూలు తెచ్చుకొని నా పక్కనే కూర్చొని మొత్తం చూశాడు, ఆ రోజు మళ్లీ ఒక్క హాస్యం ఆడలేదు. కుబుసాన్ని దూదిలో పెట్టి అగరొత్తుల పెట్టెలో దాచాను.

కొత్త తోలు గట్టిపడేదాకా మేత పెట్టకూడదు. తర్వాత విపరీతంగా ఆకలి ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లో, సెప్టెంబరు పద్నాలుగున, పొద్దున చూసేసరికి ఎర్రచీమల బారు తౌడు తొట్టిలోకి దిగి ఉంది. ఒక్క పురుగు మిగల్లేదు. బెంగళూరు నుంచి మేనకోడలు కొరియర్లో కొత్తవి పంపింది. మూడు రోజులు లారీల్లో తిరిగి, ఉడికిపోయి వచ్చాయి.

నాలుగో నియమాన్ని నేను ఎలా దాటానో ఇప్పుడు చెప్పాలి. మరచిపోయి దాటలేదు, బాగా ఆలోచించే దాటాను.

మా వైపు మిరప వేసినా, పత్తి వేసినా, చేను చివర బోరు దగ్గర నాలుగైదు సాళ్లు ఇంటికని వదులుతారు. మటిక్కాయలు, అంటే గోరుచిక్కుళ్లు, వంకాయ, బెండ, అలసంద. మందు కొట్టే మనిషి ఆ సాళ్ల దగ్గరికి రాగానే పంపు ఆపేస్తాడు. వాటిని ఇంటి సాళ్లు అంటారు. అమ్మేదాంట్లో కోసి ఇంట్లో వండుకునే రైతును నా ఉద్యోగంలో నేను చూడలేదు. పంట కోత ప్రయోగానికి ఏ ఊరికి పోయినా, వచ్చేటప్పుడు ఒక సంచి చేతిలో పెట్టి, “ఇంటివి మేడం, మందు తగల్లేదు” అంటారు, అదేదో దేవుడి దగ్గర పెట్టి తెచ్చిన ప్రసాదంలాగా. నేనూ అలాగే అందుకున్నాను. మా తమ్ముడు నెలకు రెండుసార్లు తెచ్చిచ్చే సంచి మీదే మా వంటిల్లు పదేళ్లుగా నడుస్తోంది. మందు కొట్టినది సంతకు, కొట్టనిది ఇంటికి. ఇందులో తప్పేమైనా ఉందని పదేళ్లలో ఒక్కరోజు నాకు తోచలేదు. మిగిలిన మూడెకరాలను ఎవరి ఇల్లు తింటోందని అడగలేదు.

కాబట్టి నా తర్కం ఇలా సాగింది: బయట పట్టిన పురుగు కూడదన్నారు. ఇంటి సాళ్లు బయట కాదు. అవి ఇంటివి. అందులో పట్టిన మిడత ఇంటి మిడత.

సెప్టెంబరు ఇరవై ఒకటి, ఆదివారం, దోమతెర గుడ్డతో కుట్టిన వల పట్టుకొని తమ్ముడి చేనికి వెళ్లాను. నలభై నిమిషాలకు మూడు మిడతలు దొరికాయి. మోకాళ్లు నొప్పులు పుట్టాయి. సాలీడు మెరుపులా పట్టుకొని తింది. ఇరవై ఎనిమిదిన మళ్లీ వెళ్లాను. ముప్పై ఐదు నిమిషాలకు మూడు. బాగా తింది. అక్టోబరు ఐదున ఆఫీసు పనితో కుదరలేదు.

పన్నెండున వెళ్లాను. ఆ రోజు వల అవసరమే పడలేదు. అలసంద ఆకుల మీద మిడతలు కూర్చొని ఉన్నాయి, చెయ్యి చాపితే ఎగరలేదు. తమ్ముడు కూడా వంగి నాతో పాటు ఏరాడు.

“సూడక్కా, సేతికే వస్తాండాయి. నీ పురుగు పేరు సెప్తే సాలు, క్యూ కట్టి వస్తాండాయి.”

“నువ్వు పెట్టి పుట్టినావు గదరా, మిడతలు గూడా మాట ఇంటాయి” అన్నాను నేను. ఇద్దరం నవ్వుకున్నాం. పది నిమిషాలు, పద్నాలుగు. అంతకుముందు రెండు వారాలు కలిపి డెబ్బై ఐదు నిమిషాలకు ఆరు, అంటే మిడతకు పన్నెండున్నర నిమిషాలు. ఆ రోజు మిడతకు నలభై మూడు సెకన్లు. పదిహేడున్నర రెట్లు. వానకొలతలో ఇంత తేడా వస్తే పాత్రకు చిల్లి పడిందేమోనని చూసేదాన్ని. మిడతలు ఎందుకు ఎగరడం లేదని మాత్రం అడగలేదు. సులువుగా దొరికాయని రాసుకున్నాను.

సాయంత్రం ఐదున్నరకు రెండింటిని పెట్టాను. రెండూ తింది.

సోమవారం ఉదయం సీసాలో మిగిలిన పన్నెండింటిలో తొమ్మిది చచ్చి ఉన్నాయి. డైరీ: “మూతకు పెట్టిన చిల్లులు చిన్నవి కావచ్చు. పెంచాలి.” ఇలాంటి వాక్యాన్ని ఇంకెవరైనా రాసి ఉంటే వాళ్లను నా ఆఫీసు గడప తొక్కనిచ్చేదాన్ని కాదు.

మంగళవారం ఉదయం ఏడుకు గోనెపట్టా తీసి చూశాను. సాలీడు డబ్బా మధ్యలో ఉంది. కాళ్లు ఒకదానికొకటి సంబంధం లేకుండా కొట్టుకుంటున్నాయి. ముందుకు పోవాలని ఒక వైపు కాళ్లు, వెనక్కి పోవాలని ఇంకో వైపు కాళ్లు. నీళ్ల మూకుడు రెండంగుళాల దూరంలో ఉంది. దాని అంచుకు ఎడమ ముందుకాలు ఎత్తింది, కాలు అంచు దాటి పక్కన పడింది. మళ్లీ ఎత్తింది. మళ్లీ పక్కన పడింది. నేను చూస్తుండగానే పదకొండు సార్లు.

మేనకోడలికి ఫోన్ చేశాను. చూసింది చూసినట్టు చెప్పాను.

“ఏం పెట్టినావు అత్తా?” అంది.

“మిడతలు.”

“యాడివి?”

“మన ఇంటి సాళ్లవి. మందు తగలనివి.”

“సేను బయట కాదా అత్తా?”

ఆ పిల్ల అరవలేదు. అరిచి ఉంటే నాకు సులువుగా ఉండేది. కొబ్బరి పొట్టంతా తీసెయ్యి, శుభ్రమైన డబ్బాలో తెల్ల కాగితం పరిచి పెట్టు, చీకటిగా ఉంచు, దూదితో నీళ్లు నోటికి అందించు, దీనికి విరుగుడు లేదు అని ఒక్కొక్కటే చెప్పింది.

వెంటనే తమ్ముడికి చేశాను.

“ఇంటి సాళ్లకు మందు కొట్టినావా?”

“థూ, ఏం మాటక్కా అది? తినేదానికి ఎవురన్నా కొడ్తారా?”

“మిరపకు ఎప్పుడు కొట్టినావు?”

“శుక్రారం పొద్దున. తామరపురుగు శానా ఉండాది, ఆకంతా ముడుచుకపోతాంది.”

“ఎన్ని మందులు కలిపినావు?”

“మూడు. మందులంగడి ఆయప్ప ఇంకోటి గూడా ఎయ్యమన్నాడు, అదీ ఏసినా.”

“ఆదివారం నేను వచ్చినప్పుడు ఎందుకు చెప్పలేదురా?”

“నువ్వు ఇంటి సాళ్లలో గదక్కా పట్టినావు! మిరపలో పట్టింటే సెప్పనా? మిడతలకు నేనేమన్నా గీత గీసి, ఈ పక్క మేసినోళ్లు ఆ పక్కకు రావద్దని సెప్పల్నా?”

వాడు వెటకారంగా అన్నాడు. కానీ ఆ ఉదయం ఎవరైనా పూర్తి నిజం మాట్లాడారంటే వాడే. శుక్రవారం మిరపలో మందు పడితే, కాళ్లల్లో సత్తువ ఉన్న మిడతలన్నీ పచ్చగా ఉన్న పక్క సాళ్లకు ఎగిరి వచ్చి, అక్కడ కూలబడ్డాయి. ఆదివారం మేమిద్దరం నవ్వుకుంటూ వాటిని ఏరుకున్నాం.

పందొమ్మిదో తేదీ ఆదివారం చేనికి మళ్లీ వెళ్లాను, ఈసారి ఆఫీసు టేపుతో. తమ్ముడు మోటారు దగ్గర ఉన్నాడు.

“ఏమక్కా, ఈసారి పంట కోత ప్రయోగం మా సేన్లోనేనా?”

మిరప చివరి సాలు మొదట్లో టేపు కొన పెట్టి, మధ్యలో ఉన్న గెనిమ గట్టు మీదుగా అలసంద మొదటి సాలు దాకా లాగాను. చూసి, వాడికి చూపించాను. ఒక మీటరు పది సెంటీమీటర్లు.

“ఇదిరా నీ ఇంటికీ, నీ సంతకూ మధ్యన ఉన్న దూరం. గాలి తోలితే మందు ఆగుతాదా ఈడ? ఇన్నేండ్లూ మందు లేనివని ఏం తినిపిస్తాండావు నాకు?”

“నేను తినలేదా? నా పెండ్లాం తినలేదా? తిని సచ్చినామా?”

“సంతలో కొనేటోళ్లు?”

వాడి ముఖం ఎర్రబడింది. “ఓహో. ఇంగ ఆడికి వచ్చినావా? ఒగ సాలీడు కోసరం తమ్మున్ని హంతకున్ని చేస్తాండావు. సరే. ఇరవై ఆరేండ్లు రాసినావు గదా డైరీలు? ఏ దినం ఎంత వాన పడినాదో ఉండాది. ఎకరాకు ఎంత పండినాదో ఉండాది. మీ తమ్ముడు యాడాదికి ఎన్నిసార్లు మందు కొడ్తాండాడో, పంపు మోసేటోడు ఎన్నిసార్లు వాంతి చేసుకున్యాడో, ఒగ దినమన్నా రాసినావా? సాలీడు కాలు పదకొండుసార్లు కదిలినాదని రాసినావంట. నా బిడ్డ సెప్పింది.”

నేను టేపు చుట్టుకున్నాను. చుట్టడానికి కావలసినదానికంటే చాలా ఎక్కువసేపు తీసుకున్నాను. వాడి మీద చెయ్యి చేసుకుంటానేమోనని నాకే భయం వేసింది. వాడు చెప్పింది తప్పయినందుకు కాదు. ఇంటికి వచ్చి పాత డైరీలు తిప్పాను. రాయలేదు. వాన సున్నాలు వేలకొద్దీ ఉన్నాయి. మందు లెక్క ఒక్కసారి కూడా లేదు.

తెల్ల కాగితం మీద సాలీడు తొమ్మిది రోజులు ఉంది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం దూది తడిపి నోటి దగ్గర పెట్టేదాన్ని. మొదటి నాలుగు రోజులు తాగింది. తర్వాత కాళ్లు కొట్టుకోవడం తగ్గింది. బాగుపడుతోందని మా ఆయన అన్నాడు. అక్టోబరు ఇరవై మూడు, బేస్తవారం, సాయంత్రం ఆరు నలభైకి చూశాను. వెల్లకిలా పడలేదు. బోర్లా ఉంది. ఎనిమిది కాళ్లూ కడుపు కిందికి ముడుచుకొని, పిడికిలిలాగా. ఆ గదిలో నేను మా ఆయనకు నేర్పిన నియమమే. ఆయన వచ్చి చూసి, తడి గోనెపట్టా విప్పి బయట ఆరేశాడు. అది ఇక అవసరం లేదు.

మేనకోడలికి నేనే చెప్పాలని అరగంట ఆగి ఫోన్ చేశాను. అప్పటికే వాళ్ల నాన్న చెప్పేశాడు. మా తమ్ముడికి మా ఆయన ఫోన్ చేసినట్టున్నాడు.

“వయసైపోయినాదంట గదా అత్తా. నాయన సెప్పినాడు.”

ఏడేళ్లు. ఇరవై ఏళ్లు బతికే ప్రాణి. ఆ మాట వాడు అబద్ధమని తెలిసే చెప్పాడు. కూతురు ఏడవకుండా ఉండటానికే చెప్పి ఉంటాడని ఇప్పుడు రాస్తున్నప్పుడు తోస్తోంది. ఆ సాయంత్రం తోచలేదు.

“కాదమ్మా. మందుతోనే పోయినాది. మీ నాయన కొట్టిన మందు, నేను పెట్టిన మిడత. బతికించి ఇస్తానన్న్యాను. ఇయ్యలేకపోయినా.”

నవంబరు రెండు, ఆదివారం ఆ పిల్ల వచ్చింది. తమ్ముడే బస్టాండు నుంచి మోటారు సైకిలు మీద తీసుకొచ్చాడు. ట్యాంకు మీద ఎప్పటిలాగే సంచి. లోపలికి తెచ్చి వంటింటి గడప దగ్గర పెట్టాడు. నా ముఖంలోకి చూడలేదు, నేనూ వాడి ముఖంలోకి చూడలేదు. సంచి నిండా లేత మటిక్కాయలు.

మేనకోడలు అగరొత్తుల పెట్టె తెరిచి కుబుసాన్ని చాలాసేపు చూసింది. “శానా బాగా ఇడిచినాది అత్తా. ఒక్క కాలన్నా ఇరగలేదు” అంది. తర్వాత డైరీ అడిగింది. ఇచ్చాను. ఏప్రిల్ ఇరవై నుంచి ఒక్కొక్క పేజీ తిప్పింది. మే ఉష్ణోగ్రతలు చూసింది. జూన్ నుంచి సున్నాలు చూసింది. అక్టోబరు పన్నెండు దగ్గర ఆగింది. ఆ వాక్యాన్ని పైకి చదివింది.

“మిడతలు ఈరోజు చాలా సులువుగా దొరికాయి.”

గదిలో నలుగురం ఉన్నాం. తలెత్తి నన్ను చూసింది, వాళ్ల నాన్నను చూసింది.

“ఇద్దరూ ఆడనే ఉండారు గదా. ఒక్కరికన్నా అనిపియ్యలేదా?”

తమ్ముడు గోడకేసి చూస్తూ, “ఇంటి సాళ్లు గదమ్మా” అన్నాడు.

ఇదే మాటను నేను మూడు వారాలుగా నాలో నేను చెప్పుకుంటున్నాను. వాడి నోటి నుంచి వింటే, కొట్టాలనిపించేంత కోపం వచ్చింది, వాడి మీదో నా మీదో తేల్చుకోలేనంతగా.

మధ్యాహ్నం అయింది. వాళ్లిద్దరూ భోజనానికి ఉంటారు. ఇంట్లో వేరే కూర లేదు. బజారుకు పోయి తేవచ్చు, కానీ బజారువి ఎవరి మిరప సాళ్ల పక్కన కాసినవో, అసలు మిరపలాగే మందులో మునిగినవో తెలియదు. నాకు దూరం తెలిసినవి ఈ సంచిలోవి మాత్రమే. ఒక మీటరు పది సెంటీమీటర్లు. సంచి విప్పాను. ఉప్పు నీళ్లలో ఒకసారి, మంచినీళ్లలో మూడుసార్లు కడిగాను. నాలుగో నీళ్లు కూడా నాకు నచ్చలేదు, కానీ ఎక్కడో ఒకచోట ఆపాలి కదా. నారలు తీసి, తుంచి, ఉడికించి, పప్పుల పొడి వేసి తాళింపు చేశాను.

నలుగురం కూర్చున్నాం. ముందు ఎవరూ కూర వైపు చెయ్యి చాపలేదు. తర్వాత మేనకోడలు వడ్డించుకుంది, ఆ వెనక మిగిలినవాళ్లం.

తమ్ముడు రెండు ముద్దలు తిని, “ఉప్పు సాలలేదక్కా” అన్నాడు.

ఉప్పు డబ్బా వాడి ముందుకు గట్టిగా తోశాను. కంచాలు అదిరాయి. వాడు చల్లుకొని, తలవంచుకొని, మళ్లీ వడ్డించుకున్నాడు. నేనూ వడ్డించుకున్నాను.